తల అరిగిన బోల్టులకు ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు: ఏళ్లు వాడాక నా మాట

స్పానర్ ఒకసారి జారిందంటే బోల్టు తల మూలలు అరగడం మొదలైనట్టే. రెండోసారికి ఇంకాస్త అరుగుతుంది, ఆ తర్వాత ఏ పానా పెట్టినా గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది. ఇలాంటి వాటి కోసమే కొన్న 8 నుంచి 19 ఎంఎం దాకా ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ల (అరిగిన తలకు టోపీలా తొడిగి తిప్పి విప్పేవి) సెట్టును ఏళ్ల తరబడి వాడుతున్నాను. బైకు సైలెన్సర్, నీళ్ల మోటారు, ఇనుప గేటు, అన్నిటి మీదా.

మామూలు సాకెట్ లోపల నున్నగా ఉంటుంది. దీని లోపల మాత్రం మెలితిరిగిన పళ్లుంటాయి. విప్పే వైపు తిప్పేకొద్దీ అవి తలలోకి దిగి కరుచుకుంటాయి. అందుకే బిగించడానికి ఇది పనికిరాదు. పట్టిన తల కూడా చెడిపోతుంది, కొత్త బోల్టు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

పట్టు దొరకడం, దొరకకపోవడం తిప్పే బలంలో కాదు, సుత్తి దెబ్బలోనే ఉంది. వైరు బ్రష్‌తో తుప్పు దులిపి, తల మీదికి ఊరికే ఎక్కని, కాస్త బిగుతుగా ఉండే సైజు తీసుకుని, నిటారుగా పెట్టి కొట్టాలి. సరిగ్గా దిగితే దెబ్బ చప్పుడు మారుతుంది, మోగడం ఆగి మొద్దుగా వినిపిస్తుంది. అప్పుడు రాట్చెట్ (సాకెట్‌ను తిప్పే పిడి) పెడితే జారదు. సైజు వదులుగా ఉంటే మాత్రం పళ్లు పైపొరను గీరేసి వదిలేస్తాయి. ఈ సెట్టు లేనివాళ్లకో ఉపాయం: 13 ఎంఎం తల కాస్తే అరిగితే, 12.7 ఎంఎం ఉండే అర అంగుళం సాకెట్ కొట్టి ఎక్కించి చూడండి. చాలాసార్లు పనైపోతుంది.

ఈ సెట్టు తల మీద పట్టు ఇస్తుంది, అంతే. మరల్లో పట్టేసిన తుప్పును ఇది వదిలించదు. తుప్పు విడవకుండా పొడవాటి రాడ్డు వేసి లాగితే తల ఊడి చేతికొస్తుంది, కాడ లోపలే ఉండిపోతుంది. ఎం6 (కాడ మందం 6 ఎంఎం) లాంటి సన్న బోల్టులకు ఈ గండం ఎక్కువ. నూనె వేసి రాత్రంతా నానబెట్టి, ఉదయం కొద్దిగా బిగించే వైపు, కొద్దిగా విప్పే వైపు కదుపుతూ తీస్తే చాలావరకు వచ్చేస్తాయి. బిగించే వైపు కదపడం మాత్రం మామూలు స్పానర్ ఏ మాత్రం పట్టినా దానితోనే. ఇంకా మొండికేస్తే చుట్టుపక్కల రబ్బరు, పెట్రోలు లేవని చూసుకుని, నూనె పూర్తిగా తుడిచేసి నట్టుకు వేడి ఇవ్వాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతే ఈ సాకెట్లకు ఆశ పెట్టుకోకండి. నట్టు అయితే నట్టు స్ప్లిట్టర్‌తో చీల్చేయడమే నయం.

విసిగించే సంగతి ఒకటుంది. విప్పిన బోల్టు తల సాకెట్‌లోనే ఇరుక్కుపోతుంది. వెనక చదరపు రంధ్రంలోంచి పంచ్ పెట్టి కొట్టి తీయాలి. ఒక్కోసారి బోల్టు విప్పిన దానికన్నా ఎక్కువసేపు పడుతుంది! లోతుగా గుంటలో కూర్చున్న తలకు సాకెట్ గోడ మందం అడ్డొస్తుంది. అలాంటిచోట ఇది అందదు. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోకుండా సుత్తి ఎత్తకండి.

మిగతా సైజులు ఇప్పటికీ బాగా పట్టుకుంటున్నాయి. 10 ఎంఎం సాకెట్ పళ్లు మాత్రం మొద్దుబారిపోయాయి, పని ఎక్కువ దానికే పడింది మరి. మీరు కొనేటప్పుడు ఆ సైజు విడిగా దొరికే సెట్టు చూసుకోండి.