సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్, లిరాగ్లూటైడ్: బరువు తగ్గించే ఇంజెక్షన్లలో ఎవరికి ఏది మేలు?

కిలోల లెక్క ఒక్కటే చూస్తే టిర్జెపటైడ్‌దే పైచేయి. 2025లో వెలువడిన సర్మౌంట్-5 అధ్యయనంతో ఆ సంగతి తేలిపోయింది. డయాబెటిస్ లేని 751 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు టిర్జెపటైడ్, ఇంకో జట్టుకు సెమాగ్లూటైడ్ ఇచ్చారు. ఎవరు ఎంత తట్టుకోగలిగితే అంత పెద్ద డోసు వరకూ వెళ్లారు. 72 వారాలకు మొదటి జట్టు సగటున 20.2 శాతం బరువు తగ్గింది, రెండోది 13.7 శాతం. నూరు కిలోల మనిషికి ఆరు కిలోలకు పైగా తేడా. లిరాగ్లూటైడ్ బాగా వెనకబడింది: స్టెప్-8 అధ్యయనంలో 68 వారాలకు సెమాగ్లూటైడ్‌తో 15.8 శాతం తగ్గితే, లిరాగ్లూటైడ్‌తో 6.4 శాతమే.

అయినా డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మాట ఈ అంకెల దగ్గర మొదలవదు. బరువుతో పాటు ఇంకేం జబ్బుంది, ఇప్పటికే ఏం మందులు వాడుతున్నారు, కడుపు ఎంత ఓర్చుకుంటుంది అన్న మూడు ప్రశ్నలు తేలాకే మందు పేరు వస్తుంది.

పక్కనున్న జబ్బే సగం తేలుస్తుంది

గుండెపోటో పక్షవాతమో ఒకసారి వచ్చి వెళ్లినవారికి సెమాగ్లూటైడ్ వైపే మొగ్గాలి. సెలెక్ట్ అధ్యయనంలో గుండె, రక్తనాళాల జబ్బు ఉండి డయాబెటిస్ లేని 17,604 మందికి వారానికి 2.4 మిల్లీగ్రాములు ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. బరువు ఎంత తగ్గిందన్నది వేరు, ప్రాణానికి ఎంత రక్షణ దొరికిందన్నది వేరు. రెండో విషయంలో ఇంత గట్టి సాక్ష్యం ఉన్నది సెమాగ్లూటైడ్‌కే. టైప్-2 డయాబెటిస్‌తో కిడ్నీలు దెబ్బతిన్నవారిలోనూ దీని 1 మిల్లీగ్రాము డోసుకు 2024లో మంచి ఫలితాలు వచ్చాయి. కొవ్వు వల్ల లివర్ వాచి గట్టిపడటం మొదలైనవారికి దీన్ని వాడేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో అనుమతించింది.

నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా ఉంటే టిర్జెపటైడ్. 2024 డిసెంబర్‌లో ఆ జబ్బుకే ప్రత్యేకంగా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నా దీనిదే బలం. మిగతా రెండు మందులూ ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ గ్రాహకాన్నే (రిసెప్టర్) తాకితే, ఇది దానితో పాటు జీఐపీ అనే రెండో హార్మోన్ గ్రాహకాన్నీ తాకుతుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పుకోవాలి: షుగర్ ఉన్నవారు ఏ మందుతోనైనా కాస్త తక్కువే తగ్గుతారు. టిర్జెపటైడ్ 15 మిల్లీగ్రాముల డోసుతో షుగర్ లేనివారు 20.9 శాతం తగ్గితే, ఉన్నవారు 14.7 శాతం తగ్గారు. పక్కింటివారితో పోల్చుకుని మందు పనిచేయలేదనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

లిరాగ్లూటైడ్‌ను పూర్తిగా పక్కన పడేయనక్కర్లేదు. దాని అర్ధాయువు 13 గంటలే. వికారం భరించలేకపోతే మానేసిన రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. సెమాగ్లూటైడ్ సగానికి తగ్గడానికే వారం, టిర్జెపటైడ్‌కు ఐదు రోజులు పడుతుంది. మందంటే భయపడేవారికి, ఏది పడుతుందో తెలియని సున్నితమైన కడుపువారికి ఈ గుణం పనికొస్తుంది. కానీ రోజూ పొడుచుకోవాలి, తగ్గేదీ తక్కువ. 16 వారాలకు కనీసం 4 శాతం తగ్గకపోతే ఆపేయమని దాని వాడకపు సూచనల్లోనే ఉంది.

మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ తమకో, తమ కుటుంబంలోనో ఉన్నవారికి, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారికి మూడూ వద్దు. గర్భిణులకూ వద్దు. పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) ఒకసారి వచ్చినవారి విషయంలో డాక్టర్ రెండుసార్లు ఆలోచించాలి. పిల్లలు కావాలనుకునేవారు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారికి టిర్జెపటైడ్‌తో ఒక చిక్కుంది: కడుపు ఖాళీ అవడం నెమ్మదించి మాత్ర సరిగా ఒంటపట్టదు. అందుకే మొదలుపెట్టిన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ కూడా వాడాలి, లేదా మాత్ర కాని పద్ధతికి మారాలి. ఎక్కువమందికి చెప్పడం మరిచిపోయే జాగ్రత్త ఇదే.

మెట్లు ఎక్కే తీరు

సెమాగ్లూటైడ్: వారానికి 0.25, తరవాత 0.5, 1, 1.7, 2.4 మిల్లీగ్రాములు. ఒక్కో మెట్టు మీద నాలుగు వారాలు. టిర్జెపటైడ్: 2.5తో మొదలై, నాలుగు వారాలకు తగ్గకుండా ఆగుతూ 5, 7.5, 10, 12.5, 15. లిరాగ్లూటైడ్: రోజుకు 0.6తో మొదలుపెట్టి వారానికి 0.6 చొప్పున పెంచుతూ 3 మిల్లీగ్రాముల వరకు.

మొదటి మెట్టు బరువు తగ్గించడానికి కాదు, కడుపును అలవాటు చేయడానికి. నెల తిరిగినా కాటా కదల్లేదని రెండో మెట్టు దూకేసేవారే వాంతులతో ఆసుపత్రికి చేరేది. వాంతులు, విరేచనాలతో నీరంతా పోతే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. వికారం తగ్గకపోతే పై మెట్టు ఎక్కకుండా అక్కడే ఇంకో నాలుగు వారాలు ఆగడం ఓటమేమీ కాదు. టిర్జెపటైడ్‌లో ఈ వెసులుబాటు ఎక్కువ: 5 మిల్లీగ్రాములే కొనసాగించినా 72 వారాలకు సగటున 15 శాతం తగ్గుతుందని సర్మౌంట్-1 అధ్యయనం చూపింది. అంటే చిన్న డోసు దగ్గరే ఆగినా, సెమాగ్లూటైడ్ పూర్తి డోసుకు దాదాపు సమానం. సర్మౌంట్-5లో కడుపు బాధలతో మందు మానేసినవారు టిర్జెపటైడ్ జట్టులో 2.7 శాతం, సెమాగ్లూటైడ్ జట్టులో 5.6 శాతం.

పై కడుపులో మొదలై వీపులోకి పొడిచే, తగ్గని నొప్పి వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పాంక్రియాటైటిస్ కావచ్చు. బరువు వేగంగా తగ్గేవారిలో గాల్‌బ్లాడర్ రాళ్లూ మామూలే. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే మొదటి ఇంజెక్షన్‌కు ముందే వాటి డోసు తగ్గించే మాట డాక్టర్‌తో తేల్చుకోవాలి. లేకపోతే షుగర్ పడిపోతుంది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవారు ముందుగా కంటి పరీక్ష చేయించుకోవాలి. బరువు తగ్గేకొద్దీ బీపీ మాత్రల డోసూ అవసరానికి మించిపోతుంది. లేవగానే కళ్లు తిరిగితే ముందు అనుమానించాల్సింది వాటినే.

పెన్ దగ్గర జరిగే పొరపాట్లు

నాలుగు డోసుల పెన్నుల్లో రెండు మందులకూ పద్ధతి ఒకేలా కనిపిస్తుంది కానీ ఒకటి కాదు. సెమాగ్లూటైడ్ పెన్నుకు కొత్తది తెరిచినప్పుడు ఒక్కసారే సూది చివర చుక్క వస్తోందో లేదో చూస్తే చాలు. టిర్జెపటైడ్ పెన్నుకు ప్రతి డోసుకు ముందూ ఆ పని చేయాలి. రెండిటికీ కొత్త సూది బిగించి, మందు నీళ్లలా తేటగా ఉందో లేదో వెలుతురులో చూసి, బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీదో, తొడ మీదో గుచ్చాలి. బటన్ చివరిదాకా నొక్కి సూదిని అలాగే ఉంచాలి: టిర్జెపటైడ్‌కు ఐదు, సెమాగ్లూటైడ్‌కు కౌంటర్ సున్నాకు వచ్చాక ఆరు లెక్కపెట్టేదాకా. తొందరపడి లాగేస్తే చర్మం మీద ముత్యంలా చుక్క నిలుస్తుంది. అది మీ డోసులోంచి పోయినదే. సూదిని పెన్నుకే వదిలేస్తే గాలి బుడగలు చేరతాయి, మందు కారిపోతుంది.

టిర్జెపటైడ్ పెన్నులో నాలుగు డోసులు అయ్యాక కూడా కాస్త మందు మిగులుతుంది. దాన్ని సిరంజితో లాగి ఐదో డోసు చేసుకునేవారున్నారు. శుభ్రతా ఉండదు, లెక్కా ఉండదు. ఆ మిగులు, ప్రతి డోసుకు ముందూ చుక్క వస్తోందో లేదో చూసుకోవడానికి పెట్టినదే.

వయల్ (చిన్న మందు సీసా), సిరంజి వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సిరంజి మీద ఉండేవి యూనిట్లు, డాక్టర్ రాసేవి మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే సిరంజిలో, మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములున్న ద్రావణంలో 0.25 మిల్లీగ్రాము అంటే 10 యూనిట్లు. అదే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములైతే 10 యూనిట్లలో రెట్టింపు మందు ఉంటుంది. ఇలాంటి తికమకతో, ఫార్మసీలు కలిపి ఇచ్చిన సెమాగ్లూటైడ్‌ను కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ తీసుకున్నారని 2024లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వయల్ మారినప్పుడల్లా లేబుల్ మీది గాఢత డాక్టర్‌కు చదివి వినిపించి, ఎన్ని యూనిట్లో మళ్లీ అడగాలి.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, వెనక గోడకు ఆనించకూడదు. ఒకసారి గడ్డకట్టిన పెన్ను కరిగినా పారేయడమే. తెరిచాక 30 డిగ్రీల లోపు టిర్జెపటైడ్ పెన్ను 30 రోజులు, సెమాగ్లూటైడ్ పెన్ను ఆరు వారాలు.

డోసు మరిచిపోతే సెమాగ్లూటైడ్‌ను ఐదు రోజుల లోపు, టిర్జెపటైడ్‌ను నాలుగు రోజుల లోపు తీసుకోవచ్చు. దాటితే వదిలేసి, మామూలు రోజునే తీసుకోవాలి. లిరాగ్లూటైడ్ మూడు రోజులకు మించి తప్పితే మళ్లీ 0.6 నుంచే.

ఆపితే, మారితే

ఆపాక బరువు తిరిగి రావడంలో ఏ మందుకూ మినహాయింపు లేదు. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు వెనక్కి వచ్చింది. టిర్జెపటైడ్‌ను 36 వారాల తరవాత ఆపినవారు 14 శాతం పెరిగితే, కొనసాగించినవారు ఇంకో 5.5 శాతం తగ్గారు. ఎన్నాళ్లు వాడగలరో ముందే ఆలోచించుకోవాలి. తగ్గేదాంట్లో కండ కూడా ఉంటుంది. కిడ్నీలు బాగుంటే రోజుకు కిలో బరువుకు సుమారు 1.2 గ్రాముల ప్రోటీన్, వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం మొదటి వారం నుంచే పెట్టుకోవాలి. మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ ఏదైనా ఉంటే ఈ మందు సంగతి మత్తు డాక్టర్‌కు చెప్పాలి. ఉపవాసం ఉన్నా కడుపు ఖాళీ కాకపోవచ్చు.

ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్క కుదరదు. 2.4 సెమాగ్లూటైడ్ వాడినంత మాత్రాన 15 టిర్జెపటైడ్‌తో మొదలుపెట్టరు. ఆఖరి సెమాగ్లూటైడ్ తీసుకున్న వారానికి, 2.5తోనో, డాక్టర్ సరేనంటే 5తోనో మొదలుపెట్టి మళ్లీ మెట్లెక్కాలి. మధ్యలో ఆకలి కాస్త తిరిగొస్తుంది. ఆ కొద్ది వారాల కోసం రెండూ కలిపి తీసుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.