మోజెల్ లోయ: పగలు కోఖెమ్‌లో తిరగండి, రాత్రికి నేఫ్ చేరుకోండి

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగువాళ్ల ఇళ్లకు అమ్మానాన్నలు వస్తే తిప్పి చూపించే వరస దాదాపు ఒకటే. రైన్ నది మీద పడవ, రూడెస్‌హైమ్‌లో రోప్‌వే, హైడెల్‌బెర్గ్ కోట, అంతటితో సరి. కోబ్లెంజ్ దగ్గర రైన్‌లో కలిసే మోజెల్ నది దాకా వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లివచ్చినవాళ్లు కూడా ఆ నది ఒడ్డునున్న కోఖెమ్ ఊళ్లోనే గది తీసుకోమంటారు. మాకూ అలాగే చెప్పారు. ఆ సలహా ఇంకెవరూ పాటించవద్దనే ఇది రాస్తున్నాను. మోజెల్ లోయకు తప్పక వెళ్లండి. కోఖెమ్ పగటిపూట హాయిగా చూడండి. చీకటి పడేలోపు రైలెక్కి నేఫ్‌కో, అలాంటి మరో చిన్న ఊరికో వెళ్లిపోండి.

సెప్టెంబరు చివర్లో వెళ్లాం. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మా నాన్నా, మావారు, నేను, ఐదేళ్ల మా అబ్బాయి. పెద్దవాళ్లిద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాం, 2025లో అది నెలకు 58 యూరోలు. వేగపు రైళ్లలో అది చెల్లదు కానీ, ఈ లోయలో తిరగడానికి వాటితో పనే లేదు. ఊళ్ల మధ్య నడిచే రైళ్లు, బస్సులు అన్నింటిలోనూ చెల్లింది. ఒక్క జాగ్రత్త: అది చందా పద్ధతి. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెలకూ డబ్బు లాగేస్తారు. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. కోబ్లెంజ్‌లో రైలు మారి నది పక్కన కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, దారే ఒక విహారం.

ఇక బస సంగతి. కోఖెమ్‌లో నది ఒడ్డున ఒక గెస్ట్ హౌస్. ఇంటర్నెట్‌లో గదికి రాత్రికి 96 యూరోలని ఉంది. రెండు గదులు, రెండు రాత్రులు, 384 యూరోలు. రెండింటికీ నది కనిపిస్తుందని స్పష్టంగా రాశారు. పొద్దునంతా తిరిగి సామాన్లతో చేరేసరికి, నదివైపు గదుల్లో మరమ్మతులు జరుగుతున్నాయని మూడో అంతస్తులో వెనకవైపు గదులిచ్చారు. లిఫ్టు లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులని ఫోనులో ముందే చెప్పి ఉన్నాను. కింద గది ఏదైనా ఇవ్వండి అంటే, ఆ యజమానురాలు కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే "ఖాళీ లేదు" అంది. సాయంత్రం చూస్తే నదివైపు గదుల్లో దీపాలు వెలుగుతున్నాయి. బాల్కనీలో ఒక జంట కూర్చుని వైను తాగుతోంది. మరమ్మతులు ఎక్కడ జరుగుతున్నాయో నాకైతే కనిపించలేదు.

గది కిటికీ తెరిస్తే చెత్త డబ్బాలు. అమ్మ ఒక్కో మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకుని ఎక్కుతుంటే నాన్న వెనకే చెయ్యి ఆసరాగా పెట్టి నిలబడ్డారు. "నా వల్ల మీ అందరికీ ఇబ్బంది" అని అమ్మ అనడంతో నాకు ఒళ్లు మండిపోయింది. మావారు "పోనీలే, రెండు రాత్రులేగా" అంటారు. ఆయనది ఎప్పుడూ అదే మాట. రాత్రి ఫ్లాస్కు నిండా వేడినీళ్లు అడిగితే ఇచ్చారు. తర్వాత చూస్తే దానికీ బిల్లు వేశారు, ఫ్లాస్కుకు 1.50 చొప్పున. ఉదయం టిఫిను మనిషికి 13 యూరోలు. మేం మాంసం తినమని రాసి పంపినా బల్ల నిండా పంది మాంసం ముక్కలే. వాటిని పక్కకు నెట్టి, అదే పళ్లెంలో జున్ను ముక్కలు సర్ది "ఇవి శాకాహారం" అన్నారు. అమ్మ ఆ పూట అరటిపండు తిని లేచింది. రెండో రోజు మేం టిఫిను మాట ఎత్తలేదు.

వెళ్లే రోజు బిల్లు చేతికిచ్చారు. గదులకు 384, శుభ్రం చేసినందుకు గదికి 40 చొప్పున 80, దుప్పట్లు తువ్వాళ్లకు మనిషికి 9 చొప్పున 45, ఊరి పన్ను 16, టిఫిను 52, వేడినీళ్లు 4.50. మొత్తం 581 యూరోల 50 సెంట్లు, అదీ నగదే ఇవ్వాలట. ఊరి పన్నుతో నాకు పేచీ లేదు, అది ఊరికి వెళ్లే డబ్బు. కానీ తప్పనిసరిగా కట్టవలసిన రుసుములన్నీ కలిపిన మొత్తం ధరనే ముందు చూపించాలన్నది జర్మనీ చట్టం. దుప్పట్లు లేకుండా, శుభ్రం చేయకుండా గది ఎవరు తీసుకుంటారు? ఆ మాటే అడిగితే "నచ్చినవాళ్లే మా దగ్గరికి వస్తారు" అని జవాబు. ప్రతి పద్దూ విడివిడిగా రాసిన రసీదు కావాలని పట్టుబట్టి, అది చేతికి వచ్చాకే డబ్బిచ్చాను. ఇంటికి వచ్చాక ఆ రసీదు జతచేసి, గది బుక్ చేసిన సంస్థకు రాశాను. శుభ్రత పేరుతో తీసుకున్న 80 తిరిగి వచ్చాయి, దుప్పట్ల 45 రాలేదు. కాబట్టి రసీదు లేకుండా ఎక్కడా నగదు ఇవ్వకండి.

ఊరిని తప్పుపట్టను. కోఖెమ్ అందమైనదే. కొండమీది కోటను 1689లో ఫ్రెంచి సైన్యం కూల్చేస్తే, దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత లూయి రావెనే అనే బెర్లిన్ వ్యాపారి ఆ శిథిలాలను కొని మళ్లీ కట్టించాడు. ఇప్పుడు మనం చూసే బురుజుల్లో ఎక్కువ భాగం ఆయన కట్టించినవే. కింద సందుల్లో ఇళ్ల గోడల మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి ఉంటాయి. 1993 డిసెంబరు గీత దగ్గర నాన్న చాలాసేపు ఆగారు. చెయ్యెత్తి కొలిచి చూశారు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు ఆ గీతలు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

మా యాత్రలో నాన్నకు ప్రాణం లేచివచ్చిన ఘడియ కోఖెమ్ నుంచి బైల్‌ష్టైన్‌కు వెళ్లే పడవలో వచ్చింది. రానూపోనూ మనిషికి 20 యూరోలు. పిల్లవాడికి ఉచితం. ఆ ధరకు ఇంతకంటే మంచి వినోదం ఈ లోయలో లేదు. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ధవళేశ్వరం దిగువన డెల్టా కాలువల లాకులన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఫాన్‌కెల్ లాకు దగ్గర పడవ నెమ్మదించి కాంక్రీటు గోడల మధ్యకు వెళ్లగానే కుర్చీలోంచి లేచి ముందుకు వెళ్లిపోయారు. వెనక ఉక్కు తలుపులు మూసుకున్నాయి. అడుగు నుంచి నీళ్లు సుడులు తిరుగుతూ పొంగాయి. పాకుడు పట్టిన తడిగోడ మా కళ్లముందే అంగుళం అంగుళంగా కిందికి దిగిపోయింది. సుమారు ఏడు మీటర్లు పైకి లేచాక ముందు తలుపులు తెరుచుకున్నాయి. మా అబ్బాయికి నాన్న అక్కడికక్కడే పాఠం చెప్పారు: పంపు లేదు, మోటారు లేదు, పైనీళ్లు వాటంతటవే కిందికి వచ్చి పడవను ఎత్తాయి. ఆ తర్వాత నావైపు తిరిగి, "లాకు తలుపులు తిప్పే లస్కర్లు ఒక్కళ్లూ కనపడరేమ్మా?" అన్నారు. పైన గాజు గదిలో కూర్చున్న ఒకే ఒక్క మనిషిని చూపించాను.

ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ 1956లో ఒప్పందం చేసుకుని ఈ నదికి లాకులు, ఆనకట్టలు కట్టాయి. 1964 నుంచి పెద్ద సరకు ఓడలు తిరుగుతున్నాయి. కోబ్లెంజ్ నుంచి ట్రియర్ దాకా పది లాకులు. 2024 డిసెంబరులో మ్యూడెన్ దగ్గర ఒక సరకు ఓడ లాకు తలుపులను గుద్దేస్తే వారాల తరబడి పైన ఓడలు పైనే చిక్కుకుపోయాయి. ఈ సంగతి పక్కసీటు పెద్దమనిషి చెప్పాడు. ఆయన జర్మన్, నాన్న ఇంగ్లీషు, మధ్యలో నేను. బైల్‌ష్టైన్ చిన్న ఊరే, గంటలో చూసేయవచ్చు. మఠం చర్చికి మెట్లెక్కాలి కాబట్టి అమ్మ కిందే కూర్చుంది. ఐస్‌క్రీము గరిటెకు 2 యూరోలు.

ఎల్ట్స్ కోట బాగుంది. పన్నెండో శతాబ్దం నుంచి ఒకే వంశం చేతిలో ఉంది, ఒక్కసారీ ధ్వంసం కాలేదు. మేం వెళ్లినప్పుడు టికెట్ 14 యూరోలు. మోజెల్‌కెర్న్ స్టేషను నుంచి అడవి దారిన నడక పెద్దవాళ్లకు కుదరదు, టాక్సీకి 32 అయింది.

ఇక నేఫ్. అటు వెళ్తుంటే కోఖెమ్ దాటగానే రైలు నాలుగు కిలోమీటర్లకు పైబడిన సొరంగంలో దూరుతుంది. నది పెద్ద మెలికలు తిరుగుతుంటే రైలు కొండను తొలుచుకుని అడ్డంగా వెళ్తుందన్నమాట. నేఫ్‌లో ఒక ద్రాక్షరైతు ఇంటి పైభాగం తీసుకున్నాం. రెండు పడకగదులు, వంటగది, ఏడే మెట్లు. రాత్రికి 88 యూరోలు, అందరికీ కలిపి. దుప్పట్లు, తువ్వాళ్లు, శుభ్రత అన్నీ అందులోనే. వెళ్లేసరికి బల్లమీద ఒక పళ్లెం నిండా ద్రాక్ష పెట్టి ఉంది. గింజలున్న చిన్న పండ్లు, తేనెలాంటి తీపి. అమ్మ వంటగదిలోకి అడుగుపెట్టి పొయ్యి, గిన్నెలు చూసుకుని వెంటనే పులిహోర మొదలుపెట్టింది. పోపు వాసనకు ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. ఏమంటుందోనని నేను బెదిరాను. ఆమె పళ్లెం పట్టుకుని కూర్చుని రెండుసార్లు వేయించుకుంది. కోఖెమ్ నుంచి ముడుచుకుపోయిన అమ్మ ముఖం అప్పుడు విచ్చుకుంది.

సాయంత్రం నది వెంట చదునైన దారిలో ష్టూబెన్ మఠం శిథిలాల దాకా నడిచాం. అమ్మ కూడా కష్టపడకుండా నడిచింది. ఎదురుగా ఆవలి ఒడ్డున కాల్‌మాంట్ కొండ. వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా ఉంటుంది. అంత నిటారులోనూ ద్రాక్ష వేశారు. ఒక్కో తీగకు ఒక్కో కర్ర పాతి కట్టారు. ట్రాక్టరు ఎక్కదు కాబట్టి ఒంటిపట్టా మీద పాకే చిన్న బండిలో మనుషులు, బుట్టలు పైకీ కిందికీ వెళ్తారు. మిగతా పనంతా చేత్తోనే. తోటలో నేలంతా నల్లని పలకరాయి ముక్కలు. ఒకటి తీసి అమ్మ అరచేతిలో పెట్టాను. సూర్యుడు దిగిపోయి చాలాసేపైనా ఇంకా వెచ్చగా ఉంది. పగటి ఎండను ఆ రాయి దాచుకుని రాత్రి తీగలకు ఇస్తుందని, ఇంత చలిదేశంలో రీస్లింగ్ ద్రాక్ష పండటానికి ఆ రాయే ఆధారమని ఇంటాయన చెప్పాడు.

రాత్రి భోజనం అదే వీధిలో ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్‌లో. అంటే, ద్రాక్షరైతు ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా, 40 మందికి మించి చోటు లేకుండా, హోటలు లైసెన్సుతో పని లేకుండా తన సొంత వైనును తన ఇంట్లో అమ్ముకోవచ్చు. తెరిచి ఉందనడానికి గుర్తుగా గుమ్మానికి ఆకుల గుత్తి కడతారు. మేం మాంసం లేని ఉల్లిపాయ రొట్టె అడిగితే ముందే వండినది ఇవ్వకుండా మాకోసం వేరుగా కాల్చి తెచ్చారు. 6.50 యూరోలు. అమ్మానాన్నలకు, పిల్లవాడికి తోటలోనే పిండిన ద్రాక్షరసం, గ్లాసు 2.20. మావారు అప్పుడే పులియడం మొదలైన ఫెడర్‌వైసర్ తాగారు, గ్లాసు 2.80. అది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే దొరుకుతుంది. సీసా ఇంటికి తెచ్చుకుంటే నిలబెట్టే తీసుకురండి. గాలి పోవడానికి మూత వదులుగా ఉంటుంది, పడుకోబెడితే సంచి మొత్తం తడిసిపోతుంది. వైను తాగనివాళ్లకు ఇక్కడేం పని అనుకునేవాళ్లు ఆ ద్రాక్షరసం ఒక్కసారి రుచి చూడండి.

మర్నాడు బుల్లైలో రైలు మారి ట్రాబెన్-ట్రార్బాఖ్, అక్కడి నుంచి బస్సులో బెర్న్‌కాస్టెల్-కూస్. బుల్లై దగ్గర రెండంతస్తుల వంతెన: పైన రైళ్లు, కింద కార్లు. బెర్న్‌కాస్టెల్ సంత కూడలిలో కాఫీ 4.20, అందులో సగం ఆ చోటుకు అద్దె అనుకోవాలి. వంతెన దాటి కూస్ వైపు వెళ్లండి. అక్కడ సెయింట్ నికోలస్ ధర్మసత్రం ఉంది. ఆ ఊళ్లో పుట్టిన కార్డినల్ నికోలస్ 1458లో స్థాపించాడు, క్రీస్తు జీవించిన ఏళ్లకు గుర్తుగా 33 మంది వృద్ధుల కోసం. నేటికీ అది వృద్ధాశ్రమమే. దానికి సొంత ద్రాక్షతోటలున్నాయి. ఆ వసారాలో నాన్న చాలాసేపు కూర్చున్నారు. ఇన్ని వందల ఏళ్లు ఒక సత్రం మాన్యాలు అన్యాక్రాంతం కాకుండా నిలవడం ఆయనకు కోటలకంటే గొప్పగా తోచింది. నాకూ అంతే.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నా సలహాలు. ఎల్ట్స్ కోట చలికాలంలో మూసేస్తారు, కాబట్టి అక్టోబరు ముగిసేలోపు వెళ్లండి. కోతల కాలంలో శని, ఆదివారాలు పల్లెల్లో కూడా గదులు దొరకవు, సోమవారం నుంచి గురువారం మధ్య పెట్టుకోండి. ఆదివారం దుకాణాలు తెరవరు, పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే కొనుక్కోండి. గది మాట్లాడుకునేటప్పుడు మూడు ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి: ఈ ధరలో దుప్పట్లు, తువ్వాళ్లు, శుభ్రత కలిసి ఉన్నాయా? మాకిచ్చే గది ఎన్నో అంతస్తు, మెట్లెన్ని? వంట చేసుకోవచ్చా? నేఫ్ ఇంటావిడ మూడింటికీ అరగంటలో జవాబిచ్చింది, మెట్ల ఫోటో కూడా పంపింది.