పిట్టగోడ మీద 5జీ డబ్బా: రెండేళ్ల తర్వాత

బెంగళూరు మారతహళ్లిలో మాది సందులో సందు. ఫైబర్ వాళ్లు స్తంభం దాకా వచ్చి, అక్కణ్నుంచి తీగ లాగడం కుదరదని వెళ్లిపోయారు. అందుకని రెండేళ్ల కిందట 5జీ గాలి నెట్ పెట్టించుకున్నాను. టవర్ నుంచి సిగ్నల్ పట్టడానికి డాబా పిట్టగోడకు బిగించిన తెల్ల డబ్బా, దాన్నుంచి కిందికి ఒక కేబుల్, ఇంట్లో వైఫై రూటర్, అంతే. కంపెనీ పేరు చెప్పను. నాకు వచ్చిన తిప్పలు ఎవరి డబ్బాకైనా వచ్చేవే.

మొదటి పద్నాలుగు నెలలు వంక పెట్టడానికి లేదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి పగలు 90 తగ్గలేదు. రాత్రి తొమ్మిది దాటి వీధంతా ఓటీటీలకు కూర్చుంటే 50, 60. వానకు భయపడ్డాను గానీ, ఇది నడిచే 3,500 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర చినుకులు పెద్ద అడ్డం కాదు. కింది వాటా వాళ్ల టీవీ డిష్ చేతులెత్తేసిన జడివానలో కూడా నా ఆఫీసు కాల్ తెగలేదు. తడిసిన చెట్ల ఆకులు మాత్రం కొంచెం తింటాయి.

తర్వాత టవర్ వైపున్న ఎదురు సైటులో ఇల్లు లేచింది. రెండో అంతస్తు దాకా ఏమీ కాలేదు. మూడో స్లాబుకు సెంట్రింగ్ ఇనప రేకులు పరిచిన రోజే నెట్ నత్తనడక పట్టింది. డబ్బా సెట్టింగుల పేజీలో సిగ్నల్ బలం -78 డీబీఎం నుంచి -101కి దిగింది (డీబీఎం సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం). వినడానికి 23 తేడానే. కానీ ప్రతి 10కి శక్తి పదో వంతవుతుంది కాబట్టి, అందేది 200వ వంతు! రేకులు తీసేశాక కాంక్రీటు మిగిలింది కదా, అంకె పెద్దగా కోలుకోలేదు. తమాషా ఏమిటంటే, అదే డాబా మీద నా ఫోన్‌లో 900 మెగాహెర్ట్జ్ 4జీ నిక్షేపంగా ఉంది. దాని అల పొడవు అడుగుకు కాస్త ఎక్కువ, నా డబ్బాది బెత్తెడు. పొడుగు అల గోడ అంచుల మీదుగా వంగి అవతలికి దిగుతుంది, పొట్టిది అంత వంగలేదు.

కస్టమర్ కేర్ వాళ్లు మూడు వారాలు "రీస్టార్ట్ చేయండి" అన్నారు. చివరికి వచ్చిన టెక్నీషియన్ అనంతపురం కుర్రాడు. పని తెలిసినవాడు. డబ్బా నట్లు వదులు చేసి, ఫోన్‌లో అంకె చూసుకుంటూ మెల్లగా తిప్పాడు. టవర్ తూర్పున ఉంటే, తిప్పి తిప్పి పడమట రింగ్ రోడ్డు వైపున్న అద్దాల ఆఫీసు మీద ఆపాడు. బట్టలు ఆరేస్తున్న ఓనర్ ఆంటీకి నవ్వాగలేదు.

"టవర్ ఆ పక్కనుంటే ఈ పక్కకు తిప్పుతావేమప్పా?"

"అద్దం పెట్టి ఎండ కొట్టిస్తారు కదాంటీ, అట్లా ఇది."

అంకె -86కి ఎక్కింది. పేజీలో సెల్ నంబరు, అంటే టవర్‌ను గుర్తుపట్టే నంబరు, మారలేదు. అంటే అదే టవర్, దారి మాత్రం చుట్టు దారి. ఎండ వేడి ఆపడానికి ఆ అద్దాల మీద వేసే సన్నని లోహపు పూతకు తగిలి అల చాలావరకు లోపలికి పోక వెనక్కి వస్తోంది. ఆ ఆఫీసులో పనిచేసే మా తమ్ముడు ఫోన్ వస్తే మెట్ల దగ్గరికి ఎందుకు పరిగెడతాడో నాకప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి. బిగించే ముందు డబ్బాను రెండు వేళ్ల మేర పక్కకు జరిపితే అంకె నాలుగైదు మారింది. నాలుగు గోడలకు తగిలి వచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడతాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1960లలో జపాన్ ఇంజనీరు ఒకుమురా బృందం టోక్యోలో బండి మీద తిరిగి సిగ్నల్ కొలిచిన లెక్కల నుంచి, దూరం పోయేకొద్దీ సిగ్నల్ ఎంత తగ్గుతుందో చెప్పే సూత్రాలు 1980లో హటా అనే మరో జపాన్ ఇంజనీరు కట్టాడు. నెట్‌వర్క్ ప్లానింగ్ వాళ్లు వాటిని ఏళ్ల తరబడి వాడారు. అవి వీధి సగటు చెబుతాయి, మా పిట్టగోడ సంగతి చెప్పవు. కాబట్టి పెట్టించుకునేవాళ్లు సిగ్నల్ గీతలు చూసి మోసపోకండి. బలంతో పాటు ఎస్ఐఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే అంకె) కూడా చూడమనండి. బలం బాగున్నా పక్క టవర్ల రొద ఎక్కువైతే స్పీడు రాదు. నాది ఇప్పుడు 15, పగలు 80 ఎంబీపీఎస్‌కి లోటు లేదు.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ఆ మూడు వారాలకి. ప్లాన్ మొన్న అయిపోతే మళ్లీ వేయించాను, అదీ ఒక్క నెలకే. పడమటి వైపు ఖాళీ సైటులోకి నిన్న బోరు బండి వచ్చింది.