ఓడిపోతున్న టీముని నడిపి చూడాలనుందా? ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ గేమ్ రివ్యూ

బొమ్మలు చూసి గేములు కొనేవాళ్లకి ఇది పనికిరాదు. ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ అనే ఈ కంప్యూటర్ గేమ్‌లో బ్యాటు మన చేతికి రాదు, టీముని నడపడమే మన పని. తెర నిండా పట్టికలు, అంకెలు, ఇన్‌బాక్సులో ఓనరు పంపిన మెయిళ్లు. "అమ్మా, నువ్వు ఆడేది గేమ్ కాదు, ఎక్సెల్ షీటు" అని మా వాడి వెక్కిరింత. కొన్నది వాడి కోసమే. పిల్లల బేస్‌బాల్ పోటీ లిటిల్ లీగ్‌లో ఆడుతున్నాడు కదా, సరదా పడతాడనుకున్నాం. వాడు నాలుగు రోజులు చూసి వదిలేశాడు, నేను పట్టుకున్నాను. తెనాలి నుంచి మేరీల్యాండ్ వచ్చి స్థిరపడ్డదాన్ని, ఆఫీసులో ఒక సపోర్ట్ టీముని నడుపుతాను. వరసగా అన్నీ బెడిసికొడుతున్నప్పుడు టీముతో ఏం మాట్లాడాలన్నది నాకు ఈ గేముకి ముందు నుంచీ ఉన్న తలనొప్పే.

బేస్‌బాల్ అలవాటు లేనివాళ్లకి ఒక్క మాట. క్రికెట్‌లో మైదానంలో నిర్ణయాలు కెప్టెన్‌వి. ఇక్కడ దాదాపు అన్నీ మేనేజర్‌వే. ఆయన కూడా ఆటగాళ్ల యూనిఫామే వేసుకుని డగౌట్‌లో కూర్చుంటాడు. ఎవరు ఎన్నో నంబరులో బ్యాటింగ్‌కి రావాలి, పిచ్చర్ని, అంటే మన బౌలర్ లాంటివాణ్ని, ఎప్పుడు మార్చాలి, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి, అన్నీ ఆయన చెప్పాల్సిందే. ఇక్కడి అగ్రశ్రేణి పోటీ మేజర్ లీగ్‌లో సీజన్‌కి 162 మ్యాచులు. ఐపీఎల్ లీగ్ దశలో ఆడే 14 మ్యాచుల్లో నాలుగు వరసగా పోతేనే మనవాళ్లు కోచ్‌ని ఉతికి ఆరేస్తారు. ఇక్కడ ఇంచుమించు రోజూ మ్యాచే. రాత్రి ఓడతారు, విలేకరులకి సంజాయిషీ చెప్పుకుంటారు, మర్నాడు మళ్లీ దిగుతారు. వరస ఓటములు మొదలైతే ఊపిరి తీసుకోవడానికి కూడా సందు దొరకదు.

ఈ గేమ్‌లో 1871 నుంచి ఏ సీజన్నైనా తెరిచి, ఏ టీముకైనా మేనేజర్ కావచ్చు. నేను నేరుగా 1988కి, మా బాల్టిమోర్ ఓరియోల్స్ దగ్గరికి వెళ్లాను. ఆ ఏడాది మాట ఇక్కడ కాస్త వయసున్నవాళ్ల దగ్గర ఎత్తితే ముందు ఒక నవ్వు నవ్వుతారు. సీజన్ మొదలవడమే 21 ఓటములతో మొదలైంది. మేనేజర్ కాల్ రిప్కెన్ సీనియర్‌ని ఆరో ఓటమి తర్వాతే తీసేశారు. అప్పుడు టీములో ఆయన కొడుకులిద్దరూ, కాల్ జూనియర్, బిల్లీ, ఆడుతున్నారు. తండ్రిని ఇంటికి పంపించేశాక కొడుకులు మళ్లీ అదే డ్రెస్సింగ్ రూముకి వెళ్లి గ్లవ్స్ సర్దుకున్నారు. ఆయన స్థానంలో ఫ్రాంక్ రాబిన్సన్ వచ్చాడు. మేజర్ లీగ్‌లో భాగమైన అమెరికన్, నేషనల్ లీగులు రెండింట్లోనూ మోస్ట్ వాల్యుయబుల్ ప్లేయర్ అవార్డు తీసుకున్నవాడు, 1975లో మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి మేనేజర్ అయినవాడు. అంతటివాడు వచ్చినా మరో పదిహేను ఓడిపోయారు.

రాబిన్సన్ ఆ రోజుల్ని నెట్టుకొచ్చిన తీరు నాకు భలే నచ్చుతుంది. అప్పటి అధ్యక్షుడు రీగన్ ఫోన్ చేసి, మీ బాధ నాకు తెలుసని ఓదార్చబోతే, లేదు, మీకు తెలియదని చెప్పాడట. పరామర్శకి వచ్చిన విలేకరికి టేబుల్ సొరుగు లాగి ఒక బ్యాడ్జి చూపించాడు. ఇంతసేపూ హాయిగా గడిచింది, ఇక నేను గొంతు చించుకుని అరవాలి అని దాని మీద రాసుంది. కోపిష్టి అని పేరున్న మనిషి అంత ఒత్తిడిలో ఆటగాళ్ల మీద ఎగరకుండా జోకులేసి గడిపాడు. ఏప్రిల్ 29న చికాగోలో 9-0తో మొదటి గెలుపు దక్కింది. ఆ తర్వాత బాల్టిమోర్‌లో ఆడిన మొదటి మ్యాచ్‌కి యాభై వేల పైచిలుకు జనం వచ్చారు. ఆ సీజన్ 54 గెలుపులు, 107 ఓటములతో ముగిసింది. మరుసటి ఏడాది అదే రాబిన్సన్ కింద 87 గెలిచి రెండో స్థానంలో నిలిచారు.

గేమ్‌లో నా ఓరియోల్స్ అంత ఘోరంగా మొదలవలేదు. మొదటి వారంలోనే ఒకటి గెలిచారు, మా ఆయన చప్పట్లు కూడా కొట్టాడు. కానీ జూన్ వచ్చేసరికి వరస ఓటములు పట్టుకున్నాయి. గేమ్ అసలు సత్తా నాకు కనిపించింది అక్కడే. ప్రతి ఆటగాడికీ మనసు ఎలా ఉందో చూపించే ఒక పట్టిక ఉంటుంది. తన ఆట, టీము ఆట, తనకిచ్చిన పాత్ర, తోటివాళ్లతో పొత్తు, ఇలా దేని వల్ల ఎంత కుంగాడో విడివిడిగా కనిపిస్తుంది. స్వభావాలూ రాసి ఉంటాయి. ఒకడు కెప్టెన్ తరహా, ఒకడు తుంటరి, ఒకడు స్వార్థపరుడు. టీము గెలుస్తున్నంతసేపూ ఈ పేజీ తెరవాలనే అనిపించదు. ఓడటం మొదలయ్యాక పొద్దున లేస్తే అదే పేజీ.

జూన్‌లో ఒక చోట సేవ్ చేసి, అక్కడి నుంచి రెండు దారుల్లో ఆడి చూశాను. మొదటిసారి రోజుకో మార్పు: బ్యాటింగ్ వరస తిప్పడం, సీనియర్లని కూర్చోబెట్టడం, పిచ్చర్ కాస్త తడబడితే చాలు మార్చేయడం. రెండోసారి ఏమీ ముట్టుకోలేదు, అదే వరస, అవే పేర్లు. గెలుపుల్లో పెద్ద తేడా రాలేదు. లోపల కథే మారింది. మొదటి దారిలో బుల్‌పెన్, అంటే మధ్యలో వచ్చే పిచ్చర్ల గుంపు, వారం తిరిగేసరికి చేతులెత్తేసింది. పక్కన కూర్చోబెట్టిన సీనియర్లు తమ పాత్ర మీద అలిగి కూర్చున్నారు. ఒక్క సీజన్ చూసి సిద్ధాంతం చెప్పేయను, గేమ్‌లో అదృష్టం పాలూ ఉంటుంది. కానీ బటన్లు అన్ని ఉన్నా, ఓడేటప్పుడు నొక్కాల్సినవి చాలా తక్కువని ఇంత స్పష్టంగా చూపించే గేమ్ నేను ఇంకొకటి చూడలేదు.

అలా ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో తెలియాలంటే జీన్ మాక్ సంగతి చూడాలి. 1964లో ఆయన ఫిలడెల్ఫియా ఫిల్లీస్ ఇంకా 12 మ్యాచులు మిగిలుండగా ఆరు మ్యాచుల పైచిలుకు ఆధిక్యంలో ఉంది. అక్కడి నుంచి వరసగా పది ఓడిపోయారు. గాభరాలో ఆయన తన ఇద్దరు మేటి పిచ్చర్లు జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్‌లని రెండేసి రోజుల విశ్రాంతితోనే మళ్లీ మళ్లీ దింపాడు. చివరికి టైటిల్ ఒక్క మ్యాచ్ తేడాతో సెయింట్ లూయిస్‌కి పోయింది. విచిత్రమేమిటంటే 1961లో వరసగా 23 ఓడి రికార్డు కెక్కిన ఫిల్లీస్‌కీ ఈయనే మేనేజర్. అప్పుడు యాజమాన్యం ఓపిక పట్టింది, మరుసటి ఏడాది 81 గెలిచారు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనప్పుడు నిబ్బరంగా ఉన్న మనిషి, అంతా చేతికందినట్టే ఉన్నప్పుడు చెదిరిపోయాడు. గేమ్‌లో మీరూ ఆ సీజన్ తెరిచి అదే పని చేసి చూడొచ్చు. ఎవరెంత అలిసిపోయారో పేరు పక్కనే కనిపిస్తున్నా చెయ్యి మాత్రం మేటి పిచ్చర్ పేరు మీదికే పోతుంది.

మేనేజర్ పని కూడా గేమ్‌కే అప్పగించి, మీరు పైనుండే జనరల్ మేనేజర్‌గా ఆడే వీలుంది. అప్పుడు మేనేజర్ పేజీలో అతని తరహా రాసి ఉంటుంది: సంప్రదాయవాది, అంకెలు నమ్మేవాడు, విచిత్రంగా ఆలోచించేవాడు. కోపిష్టా, కలుపుగోలు మనిషా అన్నది కూడా. జో మాడన్‌కైతే విచిత్రం అన్న ముద్ర వెతుక్కోకుండానే వేసేయొచ్చు. 2022లో ఆయన మేనేజర్‌గా ఉన్న ఏంజెల్స్ టీము వరసగా ఓడుతుంటే టీముని కాస్త నవ్విద్దామని ఆయన తల మీద మోహాక్ కట్ చేయించుకున్నాడు. ఆటగాళ్లు ఆ క్రాఫు చూడకముందే ఉద్యోగం ఊడింది. అప్పటికి 12 ఓటములు. మర్నాడు బ్యాటర్లంతా నికెల్‌బ్యాక్ అనే రాక్ బ్యాండ్ పాటలతో బ్యాటింగ్‌కి నడిచొచ్చారు, ఆ మ్యాచూ 1-0తో పోయింది, మొత్తం 14. ఆ తర్వాత ఏంజెల్స్ ఆటగాడు ఓటానీ తానే పిచింగ్ చేసి, తానే మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టి ఆ వరసకి తెర దించాడు. మోహాక్ కట్‌నీ నికెల్‌బ్యాక్‌నీ ఏ పట్టికలో ఎక్కిస్తారు? అది గేమ్ తప్పని అనను. రాబిన్సన్ సొరుగులో బ్యాడ్జికి కూడా అంకె ఉండదు. కాకపోతే ఓడే టీముని నడపడంలో సగం పని ఆ మాటల్లోనే, ఆ మొహంలోనే ఉంటుంది, ఆ సగం ఇక్కడ దొరకదని తెలిసే కొనండి.

మేనేజర్ని తీసేసే బటన్ మాత్రం ఉంది, నొక్కితే హాయిగానూ ఉంటుంది. పెళ్లిలో సరుకు పాడైతే వంటమనిషిని మార్చినట్టే చాలాసార్లు. 2024లో చికాగో వైట్ సాక్స్ వరసగా 21 ఓడాక పెడ్రో గ్రిఫోల్‌ని పంపించేశారు. తాత్కాలికంగా వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ కింద 13 గెలిచి 32 ఓడారు, సీజన్ మొత్తమ్మీద 121 ఓటములు. అలాగని మార్పు ఎప్పుడూ దండగ అనలేం. 2022లో ఫిల్లీస్ జో జిరార్డిని తీసి రాబ్ థామ్సన్‌కి అప్పగిస్తే మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ దాకా వెళ్లారు. అక్కడ సరుకు బాగానే ఉంది మరి.

నాకు ఈ విషయంలో దగ్గరి ఉదాహరణ మా ఓరియోల్స్‌కి మేనేజర్‌గా చేసిన బ్రాండన్ హైడ్. 2021 ఆగస్టులో మా ఓరియోల్స్ వరసగా 19 ఓడింది. ఓటానీ పిచింగ్‌కి వచ్చిన రోజే 10-6తో గెలిచి గండం గట్టెక్కారు. ఆ ఏడాది 110 ఓటములు, అయినా హైడ్‌ని కదపలేదు. రెండేళ్ల తర్వాత అదే మనిషి 101 గెలిపించి అమెరికన్ లీగ్ మేనేజర్ ఆఫ్ ద ఇయర్ అయ్యాడు. 2025 మేలో 15 గెలిచి 28 ఓడేసరికి మాత్రం ఓపిక చాలలేదు, ఇంటికి పంపారు. 2021లో గెలవాలని ఎవరూ ఎదురుచూడలేదు, 2025లో అందరూ ఎదురుచూశారు. ఈ సంగతి గేమ్ బాగా పట్టుకుంది. ఓనరు సీజన్ మొదట్లోనే తనకేం కావాలో చెబుతాడు, అతని మూడ్ ఎలా ఉందో మనకి కనిపిస్తూనే ఉంటుంది. తక్కువ ఆశించే ఓనరు దగ్గర వరస ఓటముల్లోనూ కుర్రాళ్లకి అవకాశాలిస్తూ నింపాదిగా ఉండొచ్చు. ఎక్కువ ఆశించేవాడి మెయిలు వస్తే నాకు ఆఫీసు ఇన్‌బాక్సు చూసినంత టెన్షన్. ఉద్యోగం ఊడకుండా ఆడుకునే సెట్టింగ్ కూడా ఉంది. మొదటి సీజన్‌కి దాన్ని పెట్టుకోమనే చెబుతాను.

చిన్న సంగతులు కొన్ని. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, బేస్‌బాల్ పదజాలం అసలు తెలియకపోతే మొదటి వారం అంతా అయోమయమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు. పర్ఫెక్ట్ టీమ్ అని ఆన్‌లైన్ కార్డుల ఆట ఒకటి ఇందులోనే ఉంది, దాన్లో డబ్బు పెట్టి ప్యాక్‌లు కొనే ఏర్పాటు ఉంటుంది. పిల్లలున్న ఇళ్లలో కార్డు వివరాలు సేవ్ చేసి ఉంచకండి. కొత్త వెర్షన్ ఏటా మార్చి ప్రాంతంలో వస్తుంది, ధర 40 డాలర్ల దగ్గర. ఇప్పటి టీముల తాజా పట్టీ అక్కర్లేదు, నాలాగా పాత సీజన్లే ఆడతామంటే, ఒకటి రెండేళ్ల కిందటి వెర్షన్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో తగ్గింపు ఉన్నప్పుడు తీసుకోండి. 1988 ఓరియోల్స్ అందులోనూ ఉంటారు.