మతిస్థిమితం లేదన్న వాదన: మూడు దారుల్లో ఏది మేలు?

"మావాడికి ఎర్రగడ్డ కాగితాలున్నాయి సార్, కేసు కొట్టేస్తారు కదా?" నాంపల్లి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే ఏ వకీలుకూ ఈ ప్రశ్న కొత్త కాదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఇలా అడిగేవారు మరీ ఎక్కువయ్యారు. చట్టం మారింది కాబట్టి ఏదో వెసులుబాటు దొరికి ఉంటుందని ఆశ. మతిస్థిమితం లేనివారి గురించి పాత శిక్షాస్మృతిలో ఉన్న 84వ సెక్షన్ ఇప్పుడు 22వ సెక్షన్ అయింది, అంతే. లోపలి సరుకు 1860 నాటిదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి రాసి పెడితే మేలనిపించింది.

మతిస్థిమితం మాట కోర్టులో ఎత్తడానికి మూడు చోట్లున్నాయి. నేరం జరిగిన క్షణంలో ఏం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉన్నాడని వాదించి నిర్దోషిగా తీర్పు కోరడం ఒకటి. ఇప్పుడు, అంటే విచారణ వేళ, తన తరఫున చెప్పుకోగల స్థితిలో లేడని విచారణ ఆపమనడం రెండోది. నేరం రుజువైనా జబ్బును చూసి శిక్ష తగ్గించమనడం మూడోది. ఈ మూడింటినీ కలగాపులగం చేసి ఒకే పిటిషన్‌లో కుక్కేవాళ్లను చూస్తుంటాను. జడ్జి చూడాల్సిన రోజు ఒక్కోదానికి ఒక్కోటి కాబట్టి, ఒకదాని సాక్ష్యం మరోదానికి పనికి రాకపోవచ్చు.

ముందు 22వ సెక్షన్. జబ్బు ఉందని రుజువు చేస్తే సరిపోదు. ఆ జబ్బు వల్ల, ఆ క్షణంలో, తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకునే శక్తి లేకపోయిందని తేలాలి. స్కిజోఫ్రెనియా ఉన్నట్టు డాక్టరు రాసిచ్చిన చీటీ వైద్యానికి సంబంధించిన మాట. కోర్టుకు కావలసింది అంతకంటే ఇరుకైనది. రుజువు భారం ముద్దాయిదే. పాత సాక్ష్య చట్టంలో 105వ సెక్షన్, ఇప్పుడు సాక్ష్య అధినియంలో 108. అయితే ప్రాసిక్యూషన్ మీద ఉన్నంత బరువు ముద్దాయి మీద ఉండదు, సివిల్ దావాలోలాగా సంభావ్యత ఎటు మొగ్గుతోందో చూపిస్తే చాలు. ఈ సంగతి తేటగా చెప్పింది 1964 నాటి దాహ్యాభాయ్ ఠక్కర్ కేసు. తీర్పు రాసినవారు మన కోకా సుబ్బారావు గారు. ముద్దాయి పూర్తిగా రుజువు చేసుకోలేకపోయినా, అతని సాక్ష్యం నేరబుద్ధి మీద సందేహం కలిగిస్తే ఆ సందేహ ఫలం అతనికే దక్కాలని కూడా అందులోనే అన్నారు.

విచిత్రమేమిటంటే, ఇంత ఉదారంగా సూత్రం చెప్పిన ఆ కేసులో ముద్దాయి ఓడిపోయాడు. రాత్రి గదిలో భార్యను కత్తితో పొడిచాడు, ఒంటి మీద 44 గాయాలు. తలుపు తీసి బయటికి వచ్చాక పొంతన లేని మాటలు మాట్లాడాడు. కోర్టు దృష్టి మాత్రం వేరే చోట నిలిచింది: కత్తిని ముందే గదిలోకి తెచ్చుకున్నాడు, భార్య అంటే ఇష్టం లేదని, తీసుకుపొమ్మని మామగారికి అంతకుముందే ఉత్తరం రాశాడు. పథకం కనిపించింది, కారణం కనిపించింది. వాదన కూలిపోయింది.

దాని పక్కనే 2002 నాటి మహారాష్ట్ర కానిస్టేబుల్ కేసు పెట్టి చూడండి. అక్కడా చనిపోయింది భార్యే, రుబ్బురాయితో తలపై కొట్టాడు. కానీ తండ్రికి మానసిక వ్యాధి చరిత్ర ఉంది. సంఘటనకు ముందునుంచే ఇతనికి పారనాయిడ్ స్కిజోఫ్రెనియాకు చికిత్స జరుగుతోంది. సంఘటన తర్వాత 1994 జూన్ నుంచి డిసెంబరు లోపు 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. పట్టపగలు చంపాడు, దాక్కోలేదు, పారిపోలేదు, కారణమూ బలహీనం. సుప్రీంకోర్టు విడుదల చేసింది. గాయాల లెక్క, ఆయుధం భీకరత్వం ఈ రెండు కేసుల్లో ఏదీ తేల్చలేదని గమనించాలి. తేల్చింది ముందూ వెనకా నడవడి.

అందువల్ల ఆ పాత ఓపీ చీటీ విలువ అపారం. దురదృష్టం, మన ఇళ్లలో దాన్నే ముందు చింపేస్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని, చెల్లెలి పెళ్లికి అడ్డం వస్తుందని గుట్టుగా ఉంచుతారు. మొదట భూతవైద్యుడి దగ్గరికి, తర్వాత దర్గాకి, ఆ తర్వాత ఊరికి దూరంగా ఉన్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి, అదీ వేరే పేరుతో. కేసు వచ్చాక ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక చీటీ బయటపడుతుంది. సిరా అలికిపోయి ఉంటుంది, రిస్పెరిడోన్ అనే మందు పేరు సగమే చదవొస్తుంది, తేదీ ఉండాల్సిన చోట మడత పడి కాగితం చిరిగి ఉంటుంది. ప్రాసిక్యూటర్‌కు ఆ మడత చాలు. డాక్టరు బోనెక్కాక అడిగే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒక్కటే: "సంఘటన రోజున మీరు ఇతన్ని చూశారా?" లేదనే జవాబు వస్తుంది, మరేమొస్తుంది.

కాగితం లేకపోతే మనుషులున్నారు. వీధి చివర కిరాణా కొట్టాయన, ఇంటి యజమాని, అర్ధరాత్రి కేకలు విన్న పక్కింటామె. వీళ్ల మాటలు వైద్య నివేదికతో సమానం కావు కానీ, వారం ముందు, రోజు ముందు ముద్దాయి ఎలా ఉన్నాడో డాక్టరు కంటే వీళ్లకే బాగా తెలుసు. ఇంకో ఆయుధం పోలీసుల నిర్లక్ష్యమే. దర్యాప్తులో పాత మతిభ్రమణ చరిత్ర బయటపడితే ముద్దాయికి వైద్య పరీక్ష చేయించి ఆ ఫలితాన్ని కోర్టు ముందు పెట్టడం దర్యాప్తు అధికారి బాధ్యత అని, అలా చేయకపోతే సందేహ ఫలం ముద్దాయికి పోతుందని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. 2018లో ముద్దాయి విడుదలైన ఒక మహారాష్ట్ర కేసులో ఇదే పనికొచ్చింది. ఆ సంఘటన 2006లో జరిగిందని కూడా ఇక్కడే చెప్పాలి. కింది కోర్టు శిక్ష వేసి, హైకోర్టు దాన్ని నిలబెట్టాక పన్నెండేళ్లకు దక్కిన న్యాయం అది.

రెండో దారి, విచారణకు తగడనడం. ఇది నాగరిక సురక్ష సంహిత, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం, 367, 368 సెక్షన్ల వ్యవహారం, పాత కోడ్‌లో 328, 329. చాలామంది వకీళ్లకు ఇది సులువుగా కనిపిస్తుంది. నేరం జరిగిన క్షణంతో పని లేదు, ముద్దాయిని ఈ రోజు చూసి డాక్టర్లు చెబితే సరి. హైదరాబాద్‌లో ఇలాంటి పరిశీలనకు పంపేది ఎక్కువగా ఎర్రగడ్డకే. నివేదిక నచ్చకపోతే మెడికల్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. ప్రాథమికంగా కేసే లేదని తేలితే విడిచిపెడతారు. కేసు ఉందని తేలితే విచారణ వాయిదా పడుతుంది. సమస్య అక్కడే. వాయిదా అంటే కేసు పోవడం కాదు, కుదుటపడ్డాక మళ్లీ మొదలవుతుంది. కుదుటపడకపోతే? అస్సాంలో 1951లో అరెస్టయిన ఒక గిరిజనుడు 2005లో బయటికి వచ్చాడు. 54 ఏళ్లు. విచారణ జరగనే లేదు. మధ్యలో, 1967లోనే, ఆసుపత్రి అతనికి నయమైందని చెప్పింది. అయినా ఇంటికి బదులు ఇంకో జైలుకు పంపారు. ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. 2009 చివర అమల్లోకి వచ్చిన సవరణతో, ఆసుపత్రిలో ఉంచాల్సిన అవసరం లేని కేసుల్లో బయటి చికిత్స షరతు మీద, బంధువు పూచీతో, బెయిలుకు వీలుంది. సగం శిక్షాకాలం రిమాండ్‌లో గడిపితే వదిలే నిబంధన మాత్రం హత్య లాంటి కేసులకు వర్తించదు. ఇలాంటి వాదన ఎక్కువగా వచ్చేది ఆ కేసుల్లోనే.

మూడోది శిక్ష తగ్గింపు. ఉరిశిక్ష కేసుల్లో దీని బలం బాగా పెరిగింది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో మానసిక వ్యాధిని ఉరి రద్దుకు కారణంగా ఒప్పుకున్నారు. 2019లో జస్టిస్ ఎన్.వి. రమణ రాసిన తీర్పు, శిక్ష పడ్డాక వచ్చిన తీవ్ర మానసిక వ్యాధిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ కేసులో ముద్దాయి పేరు కూడా రాయలేదు, వ్యాధిగ్రస్తుడి గోప్యత కోసం. మంచి తీర్పే. కానీ మామూలు హత్య కేసుకు దీనితో ఒరిగేది తక్కువ. కనీస శిక్షే యావజ్జీవం అయినప్పుడు దాని కిందికి దించే చోటు ఎక్కడుంది? ఉరి భయం ఉన్నచోట ఇది తప్పనిసరి, లేనిచోట వెనక దన్ను మాత్రమే.

ఇక నా దృష్టిలో అసలు సంగతి. పై మూడింటిలో ఏది గెలిచినా మనిషి ఎక్కడికి వెళ్తాడన్నది ఎవరూ అడగరు. 22వ సెక్షన్ కింద నిర్దోషి అని తీర్పు వస్తే ముద్దాయి కోర్టు మెట్లు దిగి ఆటో ఎక్కి ఇంటికి పోతాడనుకుంటారు. పోడు. అలా విడుదల చేసేటప్పుడు ఆ పని అతను చేశాడా లేదా అన్నది జడ్జి తీర్పులో విడిగా రాయాలి (సురక్ష సంహిత సెక్షన్ 373). చేశాడని రాస్తే 374 పట్టుకుంటుంది: భద్రమైన నిర్బంధంలో ఉంచాలి, లేదా బంధువుకో మిత్రుడికో అప్పగించాలి. అప్పగించాలంటే వాళ్లు దరఖాస్తు పెట్టాలి, పూచీ ఇవ్వాలి. బాగా చూసుకుంటామని, తనకూ ఇతరులకూ హాని చేయకుండా కాస్తామని, పిలిచినప్పుడు అధికారి ముందు హాజరుపరుస్తామని.

ఈ సూత్రాలన్నింటికీ మూలపురుషుడైన డేనియల్ మెక్‌నాటన్ కథ కూడా ఇదే. 1843లో లండన్‌లో ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి డ్రమండ్‌ను కాల్చి చంపాడు, మతిస్థిమితం లేదని విడుదలయ్యాడు, దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ గగ్గోలు గుర్తుంచుకున్నవాళ్లు, అతను 1865లో చనిపోయేదాకా మానసిక ఆసుపత్రుల్లోనే, మొదట బెత్లెమ్‌లో, తర్వాత బ్రాడ్‌మూర్‌లో, గడిపాడన్నది గుర్తుంచుకోరు.

ఇప్పుడు మన ఇంటికి రండి. పైన చెప్పిన రెండు కేసుల్లోనూ చనిపోయింది భార్య. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లోనూ చాలాసార్లు చంపినవాడూ చనిపోయినవారూ ఒకే ఇంటివాళ్లు. పూచీ సంతకం పెట్టాల్సింది ఎవరు? తల్లి పోయింది, తండ్రి పెద్దవాడు, అన్నకు ఇద్దరు చిన్నపిల్లలు, వదినకు భయం. వదిన భయాన్ని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. అందుకే ఇలాంటి కేసు వచ్చినప్పుడు సెక్షన్ల జోలికి పోకముందే నేను అడిగేది: తర్వాత ఇతన్ని ఎవరు చూసుకుంటారు, మందులు ఎవరు వేస్తారు? ఎవరో ఒకరు గట్టిగా నిలబడితే 22వ సెక్షన్‌ను మించింది లేదు, ఎందుకంటే దాని చివర నేరస్థుడన్న ముద్ర లేని ఇల్లు ఉంటుంది. ఎవరూ నిలబడకపోతే అప్పుడే చెప్పాలి, దాచకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వం ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఉండే వసతి గృహాలు ఏర్పాటు చేయాలంటోంది. ఆ సెక్షన్‌ను పట్టుకుని అడగాలి.

మిగతా వాదనలా? మద్యం మత్తు అనేవాళ్లున్నారు. తనకు తెలియకుండానో, తన ఇష్టానికి విరుద్ధంగానో ఎవరో తాగించారని చూపించగలిగితే తప్ప (న్యాయ సంహిత సెక్షన్ 23) అది నిలబడదు. ఆకస్మిక రెచ్చగొట్టుడు వేరే విషయం, అక్కడ మనసు చెదరడం వేరు, మతి చెదరడం వేరు.

నన్ను అడిగితే వరుస ఇలా ఉండాలి. మొదటి రిమాండ్ రోజునే వైద్య పరీక్షకు పిటిషన్ వేయాలి. ఆరు నెలలు పోయాక వేస్తే వాదన కేసు కోసం పుట్టించినట్టు కనిపిస్తుంది. ముద్దాయి అప్పటికి మాట అర్థంకాని స్థితిలో ఉంటే విచారణ ఆపించాలి, కానీ చికిత్స జరిగేంత కాలమే. నెలకోసారి నివేదిక తెప్పించాలి. కుదుటపడగానే విచారణకు సిద్ధమై 22వ సెక్షన్ మీద నిలబడాలి. విచారణకు తగడన్న ఉత్తర్వు తెచ్చుకుని హాయిగా కూర్చునే వకీళ్లంటే నాకు మంట. క్లయింటు ఏ గదిలో ఉన్నాడో వాళ్లలో కొందరికి తెలియదు. శిక్ష తగ్గింపు వాదనకు కావలసిన సాక్ష్యాన్ని మొదటినుంచీ ఫైలులో పోగేసుకుంటూ ఉండాలి, వాడాల్సిన అవసరం రాకపోతే సంతోషమే.

డబ్బు గురించి కూడా అడుగుతున్నారు. నిర్బంధంలో ఉన్నవారికి, మానసిక వ్యాధి ఉన్నవారికి 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత న్యాయసాయం హక్కు. చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లలో ఉన్నవారి తరఫున ఇంటివాళ్లు న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో ఒక దరఖాస్తు ఇస్తే చాలు. దానికి పాత ఓపీ చీటీల జిరాక్సులు జతచేయండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.