ఒక్క కామా కోసం మూడు రోజులు: జొటెరో స్టైళ్లతో నా ఏడేళ్లు

2018లో నా మొదటి పేపర్‌ను ఒక జర్నల్ రివ్యూకి కూడా పంపకుండా వెనక్కి తిప్పేసింది. కారణం ఒక్క వాక్యం: రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు. నూన కవళ్ల మీద రెండేళ్ల పని అది. తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వచ్చేదాకా నిలబడి, చేపల్ని కొని, ల్యాబ్‌కి తెచ్చి పొట్టలు కోసి చూసి రాసుకున్న లెక్కలు. అవన్నీ అలా ఉండగా పని కామాల దగ్గర ఆగిపోయింది. రిఫరెన్సుల్ని దాచి, పేపర్లో పేర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టి అప్పటికి కొన్ని నెలలే. స్టైల్, అంటే రిఫరెన్సులు రాసే పద్ధతి, మార్చడమంటే జాబితాలో పేరు మీద నొక్కడమే అనుకునేదాన్ని. ఆ జర్నల్ పేరు జాబితాలోనే లేదు.

ఆ తర్వాత థీసిస్, నా పేపర్లు, జూనియర్ల థీసిస్‌లు కలిపి ఒక డజను స్టైళ్లు మార్చి ఉంటాను. ఇది ఆ ఒక్క పని గురించిన సమీక్ష. పీడీఎఫ్‌లు చదవడం, నోట్స్ రాసుకోవడం వంటివి ఇందులో లేవు.

జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌గా పుట్టింది. ఇప్పుడు విడి సాఫ్ట్‌వేర్, ఉచితం. రిఫరెన్స్ ఏ రూపంలో కనిపించాలన్న నిర్ణయం మాత్రం దాని చేతిలో లేదు. ఆ నియమాలన్నీ సీఎస్‌ఎల్ (సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్) అనే భాషలో రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో, అంటే ట్యాగులతో రాసిన టెక్స్ట్ ఫైల్లో, ఉంటాయి. బ్రూస్ డార్కస్ అనే భూగోళశాస్త్ర అధ్యాపకుడు మొదలుపెట్టిన భాష అది. అదే ఫైల్‌ను జొటెరో లాంటిదే అయిన మెండలే కూడా చదువుతుంది కాబట్టి ఒకసారి నేర్చుకున్న పని రెండు చోట్లా పనికొస్తుంది. ఇలాంటిదే ఇంకొకటైన ఎండ్‌నోట్‌ది వేరే దారి. కొనుక్కోవాలి, కానీ అందులో కోడ్ ముఖం చూడకుండా పెట్టెల్లోనే కామాలు, బోల్డులు మార్చుకోవచ్చు. ఎక్స్‌ఎంఎల్ అంటేనే చిరాకు పడేవాళ్లకి, ఎండ్‌నోట్ ఎలాగూ చేతిలో ఉంటే, దాన్ని వదిలి రమ్మని నేను చెప్పను.

ఉచితంగా దొరికే సీఎస్‌ఎల్ స్టైళ్లు పది వేలకు పైనే. ఆ అంకె చూసి మురిసిపోకండి. వాటిలో చాలావరకు డిపెండెంట్ స్టైళ్లు. తెరిచి చూస్తే జర్నల్ పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), "నా నియమాలన్నీ ఫలానా మాతృ స్టైల్లో ఉన్నాయి" అనే లింకు, అంతే. అక్కడ మార్చడానికి ఏమీ ఉండదు. మాతృ ఫైల్ తెరిచి, దానికి కొత్త పేరు, కొత్త ఐడీ ఇచ్చి దాచుకుని అందులో మార్పులు చేయాలి. ఆ ఐడీ మార్చడం నేను మొదట్లో మర్చిపోయాను. పేరు అలాగే ఉంచి ఫైల్‌ను సరిచేసుకుని సంబరపడ్డాను. కొన్ని వారాల తర్వాత స్టైళ్లు వాటంతట అవే అప్‌డేట్ అయి, అసలు ఫైల్ వచ్చి నాదాని మీద కూర్చుంది. తప్పు నాదే.

ఇక ఆ కామా సంగతి. ఆ జర్నల్ అడిగింది ఇది: రచయితలందరికీ ఇంటిపేరు ముందు, తర్వాత ఇనీషియల్స్, మధ్యలో కామా ఉండకూడదు, ఒక రచయితకీ ఇంకొకరికీ మధ్య సెమీకోలన్. నేను ఎంచుకున్న దగ్గరి స్టైల్లో మొదటి రచయితకే ఇంటిపేరు ముందు వస్తోంది. నేమ్-యాజ్-సార్ట్-ఆర్డర్ అనే చోట 'ఫస్ట్' తీసి 'ఆల్' అని రాశాను, సరిపోయింది. డిలిమిటర్‌లో కామా తీసి సెమీకోలన్ పెట్టాను, అదీ కుదిరింది. ఇంటిపేరు తర్వాతి కామా మాత్రం కదల్లేదు. ఫైల్లో ఎక్కడెక్కడ కామా ఉందో అన్నీ వెతికాను. ఒకటి తీస్తే సంవత్సరం పక్కది పోయింది, ఇంకోటి తీస్తే వాల్యూమ్ పక్కది పోయింది. మా ల్యాబ్‌లో జూనియర్ అమ్మాయి రెండు రోజులు చూసి ఊరుకుంది. మూడోరోజు, "ఏటక్కా ఇది, కామా కోసం మూడు రోజులా?" అంది.

అసలు విషయం ఏమిటంటే ఆ కామా ఫైల్లో లేనే లేదు. సార్ట్-సెపరేటర్ అని ఒక గుణం ఉంది. దాన్ని మనం రాయకపోతే ప్రోగ్రామే కామాను, దాని పక్కన ఖాళీని సొంతంగా పెట్టేసుకుంటుంది. నేను చేయాల్సింది ఉన్నదాన్ని తీయడం కాదు, లేని గుణాన్ని చేర్చి దానికి విలువగా ఒక్క స్పేస్ మాత్రమే ఇవ్వడం. అర నిమిషం పని. సీఎస్‌ఎల్‌తో తంటా అంతా ఇలాంటి చోట్లే. కంటికి కనిపించేదాన్ని దిద్దడం తేలిక. రాయకపోయినా పనిచేసే నియమాల్ని పట్టుకోవాలంటే దాని స్పెసిఫికేషన్ పేజీ పక్కన తెరిచి పెట్టుకోవాల్సిందే. ఆ పేజీ ఇంగ్లిషులో పొడిగా ఉంటుంది గానీ అబద్ధం చెప్పదు.

మార్చే చోటు విషయానికొస్తే, సెట్టింగ్స్‌లో సైటేషన్ల విభాగంలో స్టైల్ ఎడిటర్ ఉంటుంది. ఒక సగంలో కోడ్, ఇంకో సగంలో ఫలితం. ముందే లైబ్రరీలో నాలుగు ఎంట్రీలు ఎంచుకుని తెరిస్తే వాటి మీదే ప్రివ్యూ చూపిస్తుంది. ఆ నాలుగూ నాలుగు రకాలుగా ఉండాలి: ఒక జర్నల్ వ్యాసం, ఒక పుస్తకం, పుస్తకంలో అధ్యాయం, ఒక థీసిస్. నేనొకసారి అన్నీ వ్యాసాలే ఎంచుకుని రచయితల మ్యాక్రో (ఒక పనికి రాసిన నియమాల ముక్క) అనుకుని సంపాదకుల మ్యాక్రోను దిద్దుతూ కూర్చున్నాను. కింద ఏమీ మారదే! ఇంకో చిన్న దెబ్బ: & గుర్తును నేరుగా కొడితే ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకోదు, ఫైల్ మొత్తం చెల్లదంటుంది. దాన్ని &, ఏఎంపీ, సెమీకోలన్ కలిపి రాయాలి.

సున్నా నుంచి స్టైల్ రాయాలని మాత్రం అనుకోవద్దు. సీఎస్‌ఎల్‌కి విజువల్ ఎడిటర్ ఒకటి ఉంది. అక్కడ వాళ్లిచ్చిన నమూనా రిఫరెన్స్‌ను మన జర్నల్ అడిగినట్టుగా దిద్ది వెతకమంటే దానికి దగ్గరగా ఉన్న స్టైళ్లను చూపిస్తుంది. వెతకడానికి అది బంగారం. కోడ్ దిద్దడానికి నాకు జొటెరోలోని మామూలు ఎడిటరే హాయి.

ఇక్కడిదాకా స్టైల్ తప్పులు. కానీ మా జూనియర్లు "అక్కా, స్టైల్ పాడైంది" అంటూ తెచ్చేవాటిలో సగానికి పైగా స్టైల్‌వి కావు. తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెప్తాను. ఒక థీసిస్‌లో కొన్ని చోట్ల "(రావు, 2011)" రాకుండా "(కె. వి. రావు, 2011)" అని ఇనీషియల్స్‌తో వస్తోంది. స్టైల్‌ను ఎంత తిరగేసినా తప్పు కనిపించలేదు. చివరికి లైబ్రరీలో చూస్తే ఒకే మనిషి రెండు రకాలుగా ఉన్నాడు. ఒక ప్రచురణకర్త ఇంటిపేరు అక్షరంతో కలిపి "రావు, కె. వి." అని ఇస్తే, ఇంకొకరు ఆ అక్షరం వదిలేసి "రావు, వి." అని ఇచ్చారు. ప్రోగ్రామ్‌కి వీళ్లు ఇద్దరు వేర్వేరు రావులు. చదివేవాళ్లు పొరబడకుండా ఇనీషియల్ చేర్చింది. అది దాని డ్యూటీ. మన ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది, పేరు చివర రావో, రెడ్డో, లక్ష్మో ఉంటుంది. డేటాబేసులు ఆ చివరి మాటను సర్‌నేమ్ చేసేస్తాయి. కాబట్టి వంద మంది రావులు, ఒక్కొక్కరికి రెండేసి రూపాలు. స్టైల్‌లో ఆ ఇనీషియల్ చేర్చే నియమాన్ని తీసేయొచ్చు, కానీ అప్పుడు నిజంగా వేరైన రావులు కలిసిపోతారు. కూర్చుని పేర్లు దిద్దుకోవడమే మందు.

శాస్త్రనామాలూ అంతే. సార్డినెల్లా లాంగిసెప్స్ (మన నూన కవళ్లు) ఇటాలిక్స్‌లో రావాలంటే టైటిల్ గడిలోనే దాని చుట్టూ ఇటాలిక్ ట్యాగ్ పెట్టాలి. స్టైల్‌కి చేప పేరేదో, చెత్త మాటేదో తెలియదు కదా. ట్యాగ్ ఉంటే మాత్రం బాగా తెలివిగా ఉంటుంది: టైటిల్ మొత్తం ఇటాలిక్స్‌లో వచ్చే స్టైల్లో జాతి పేరును తిప్పి నిటారుగా చూపిస్తుంది. టైటిళ్లన్నీ సెంటెన్స్ కేస్‌లో (మొదటి మాటకీ, పేర్లకీ మాత్రమే పెద్దక్షరం) దాచుకోవడం కూడా అలవాటు చేసుకోండి. అక్కడి నుంచి పెద్దక్షరాలకి స్టైల్ మార్చగలదు, వెనక్కి రావడమే కష్టం. టైటిల్ మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్ అంటే మారుతుంది గానీ, బే ఆఫ్ బెంగాల్, విశాఖపట్నం కూడా చిన్నక్షరాలైపోవచ్చు. వాటిని చేత్తో సరిచేయాలి. మన దేశపు థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగ నుంచి తెచ్చుకున్న థీసిస్‌ల విషయంలో ఈ పని నేను ఏ రోజుది ఆ రోజే చేసేస్తాను.

వర్డ్‌తో ఒక జాగ్రత్త. సబ్మిట్ చేసే ముందు సైటేషన్లను అన్‌లింక్ చేసి, అంటే జొటెరోతో వాటి లింకు తెంచి, మామూలు అక్షరాలుగా మార్చే బటన్ ఉంది. దాన్ని కాపీ మీదే నొక్కాలి. నా సహ రచయిత్రి అసలు ఫైల్ మీదే నొక్కింది. నెల తర్వాత రివ్యూయర్ ఇంకో 11 రిఫరెన్సులు చేర్చమన్నారు. ఎంవీపీ కాలనీలో వాళ్లింట్లో కూర్చుని, టీలు తాగుతూ, రాత్రి రెండింటి దాకా పాత సైటేషన్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టుకొచ్చాం. ఇంకొకటి, సింక్ చేస్తే లైబ్రరీ వస్తుంది గానీ మనం తయారుచేసుకున్న స్టైల్ ఫైళ్లు రావు. కొత్త ల్యాప్‌టాప్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, సహ రచయితలకి మెయిల్‌లో పంపాలి. నావన్నీ ఒక ఫోల్డర్‌లో జర్నల్ పేరు, తేదీ వేసి ఉంచుతాను.

జొటెరో 7 వచ్చాక, అంటే 2024 నుంచి, రూపం మారింది గానీ స్టైళ్ల పని దాదాపు పాతదే. నాకదే నయం, పాత ఫైళ్లన్నీ ముట్టుకోకుండా పనిచేస్తున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ ఓడిపోతున్నాను. మన తీరంలో చేపల స్థానిక పేర్ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. సగం ఆధారాలు ఇంగ్లిషు పేపర్లు, సగం తెలుగు పుస్తకాలు. భాష గడిలో తెలుగు అని పెడితే టైటిల్ జోలికి రాదు, అంతవరకు బాగానే ఉంది. కానీ డాక్యుమెంట్ మొత్తానికి ఒకే భాష కాబట్టి తెలుగు పుస్తకం రచయితల తర్వాత కూడా ఇంగ్లిషు ఎట్ ఆల్ వచ్చి కూర్చుంటుంది. తెలుగు ఎంట్రీలు వరుసలో ఇంగ్లిషు అన్నీ అయ్యాక చివరికి పోతాయి. వరుస సంగతి ఎడిటర్ గారు సరేనన్నారు. ఎట్ ఆల్ ఉన్న చోటల్లా, కాపీని అన్‌లింక్ చేశాక, "తదితరులు" అని నేనే కొడుతున్నాను. ఇప్పటికి పదిహేడు చోట్ల అయింది.