సంగటికి అయిదు స్టార్లు, మెనూ కార్డు చరిత్రకు ఒకటి

పెనుకొండ దాటి అనంతపురం వైపు వచ్చే హైవే పక్కన రేకుల షెడ్డు మెస్సు ఇది. కింద కొంచెం తిట్టబోతున్నా కాబట్టి పేరు రాయడం లేదు. ఆదివారాలు బెంగళూరు నంబరు కార్లు బారులు తీరి ఉంటాయి, ఆ గుర్తు చాలు.

మొదట సంగటి సంగతి. వంటింటి కిటికీలోంచి చెయ్యడం చూడొచ్చు. ఎసట్లో నూకలు మెత్తబడ్డాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలుకుతుంది ఒకామె. తడిచేత్తో ముద్దను చిప్పలో నాలుగు తిప్పులు తిప్పి ప్లేట్లో దించుతుంది. ఎక్కడా పిండి ఉండ తగల్లేదు. పక్క టేబులు పిల్లలు స్పూన్లు అడిగితే, వడ్డించే పెద్దాయన "ఇస్తా గానీ నాయనా, నమిల్తే పండ్లకు అంటుకుంటాది, పులుసులో అద్దుకొని మింగేయల్ల" అన్నాడు. నాటుకోడి పులుసు నిజంగా నాటుకోడిదే, ఎముక చూస్తే తెలిసిపోతుంది. ఊరుబిండి, అంటే చెనిక్కాయలు (వేరుశెనగ), మిరపకాయలు వేసి చేసే పచ్చడి, రోట్లో నూరిందే. చెనిక్కాయ పలుకు అక్కడక్కడా పంటికి తగులుతోంది, తెల్లగడ్డ వాసన చేతికి సాయంత్రం దాకా ఉంది. పప్పు మామూలుగా ఉంది. కొర్రన్నం మాత్రం పలుకు మీదే దించేశారు.

ఇక మెనూ కార్డు. "రాయలవారి విందు" అని పేరు పెట్టి, వెనక పేజీలో సీమ చరిత్ర అచ్చేశారు. ఊరుబిండి శ్రీకృష్ణదేవరాయల వంటశాలలో పుట్టిందట! రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. చెనిక్కాయది దక్షిణ అమెరికా, అప్పటికి మన చేలల్లో లేదు. మిరపకాయ కూడా అమెరికాదే, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. రాయలవారు కారం తిన్నారంటే అది చాలావరకు మిరియాల కారమే. "రాయలసీమ" పేరు కూడా ఆయన పెట్టింది కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేశాక వందేళ్లకు పైగా మనం దత్తమండలం వాళ్లమే. కంపెనీ కలెక్టరు థామస్ మన్రో అనంతపురంలో కచేరీ పెట్టుకుని ఏడేళ్లు శిస్తు లెక్కలు కట్టింది ఆ పేరు మీదే. 1928లో నంద్యాల సభలో, అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పే చిలుకూరి నారాయణరావు గారు లేచి రాయలసీమ అందామన్నారు.

అసలు చెప్పుకోదగ్గది ఇక్కడే ఉంది. మెస్సు వాకిట్లో నిలబడితే పెనుకొండ గుట్ట కనిపిస్తుంది. 1565లో రాక్షస తంగడి (తళ్లికోట) యుద్ధంలో ఓడిపోయాక విజయనగరం రాజులు తలదాచుకుని రాజధాని చేసుకున్న ఊరు. కార్డులో దాని ఊసే లేదు. కరువు మాట కూడా లేదు. 1876లో మొదలైన ధాత కరువు పేరెత్తకుండా ఈ నేల చరిత్ర ఎట్లా రాస్తారు? నైరుతి మబ్బు పడమటి కనుమల మీదే కురిసేసి వట్టిచేతులతో వస్తుంది. ఈశాన్యం కోస్తా దాటి ఇంతదూరం రావాలి. ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర, అదీ పడితే. కింద చూస్తే జానెడు ఎర్రమట్టి, ఆ కింద రాయి.

అందుకే మా తాతల చేలల్లో కొర్ర, జొన్న, నడుమ కంది, అలసంద, గట్టు మీద ఆముదం. ఒకటి పోయినా ఇంకొకటి మిగిలేది. నూనె మిల్లులొచ్చి చెనిక్కాయకు రొక్కం కనిపించాక జిల్లా అంతా అదొక్కటే పరుచుకుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాగానే సంగటి పొయ్యి దిగింది. అది తినేవాళ్లంటే పేదవాళ్లని చిన్నచూపు కూడా. ఇప్పుడదే ముద్ద కోడిపులుసుతో 220 రూపాయలు! నాకేం బాధ లేదు, గెలికే ఆమెకు కూలి గిడుతుంటే ఇంకో పది పెంచినా ఇస్తా. కానీ ఆ కార్డులో రాయలవారి బొమ్మ తీసి కొర్ర కంకి బొమ్మ వేస్తే బాగుంటుంది.

ఓనరుకు ఇదంతా చెప్పా. "నేను చదవనే లేదు సార్, బెంగళూరులో డిజైను చేసినోడే రాసిచ్చినాడు" అని నవ్వేశాడు. మళ్లీ అచ్చేసేటప్పుడు చూస్తానన్నాడు, చూద్దాం.

పోయేవాళ్లకు: ఒంటిగంట లోపల పోండి, రెండు దాటితే సంగటి అయిపోయి అన్నమే పెడతారు. జొన్నరొట్టె రాత్రిపూటే. బాత్రూము సంగతి అడక్కండి, అనంతపురం దాకా ఓర్చుకోగలిగితే ఓర్చుకోండి. ఫోన్‌పే ఉంది. ఊరుబిండి పార్సిల్ అడిగితే అరటాకులో కట్టిస్తారు, దానికి డబ్బులు తీసుకోరు.